ఎడమవైపు కాజాలు

"ఆ పేజీ ఎవరు చింపారో చెప్పేదాకా నేను ఇక్కణ్ణుంచి కదలను," అన్నాను.

ఆదివారం పొద్దున్న. ముగ్గురూ హాల్లోనే ఉన్నారు. మా ఆయన పేపరు ముఖానికి అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. ఆడబిడ్డ నేలమీద కూర్చుని తడి జుట్టు చిక్కు తీసుకుంటోంది. అత్తగారు కళ్ళలో చుక్కల మందు వేయించుకుని, కిటికీ పక్క మంచం మీద కళ్ళు మూసుకుని పడుకున్నారు.

నా చేతిలో నల్ల అట్ట నోటుపుస్తకం. గురువారం పేజీ ఉండాల్సిన చోట సన్నటి అంచు మాత్రం మిగిలింది. కోపంతో లాగి చింపింది కాదు. స్కేలు ఆనించి, తీరిగ్గా, ఎవరి కంటా పడకూడదని చింపింది.

"ఏ పేజీ?" అన్నారాయన పేపరు దించకుండా.

"మీకు తెలుసు."

"నీ పుస్తకం నేను ముట్టుకోను. అందులో ఏముందో నాకెలా తెలుస్తుంది?"

"ముట్టుకోనివాళ్ళు ఏ పుస్తకం అని అడుగుతారు. ఏ పేజీ అని అడగరు."

ఆయన పేపరు మడిచారు.

ఆ పుస్తకం సంగతి ఇంట్లో అందరికీ తెలుసు. కుట్టు యూనిట్‌లో నన్ను సూపర్‌వైజరుని చేసిన రోజున మొదలుపెట్టాను. అరవైమంది మీద మాట చెల్లే ఉద్యోగం. చెల్లుతోంది కదా అని నోటికొచ్చింది తీర్పుగా చెప్పే మనిషిని కాకూడదనుకున్నాను. రోజూ సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, ఆవేళ ఎవరి విషయంలో ఏం తేల్చానో రాసుకునేదాన్ని. రెండువైపులా విన్నానా? అదే తీర్పు నామీద పడితే ఒప్పుకునేదాన్నా? రెండేళ్ళుగా రాస్తున్నాను. బాగుపడుతున్నాననే అనుకుంటున్నాను.

గురువారం మాత్రం కలం సాగలేదు.

ఆ రోజు కుట్టినవి హాస్పిటల్ నర్సుల తెల్ల కోట్లు. నూట ఇరవై. ఆడవాళ్ళ కోటుకి కాజాలు కుడివైపు రావాలి. అన్నిటికీ ఎడమవైపు పడ్డాయి. కాజా కోసిన గుడ్డ మళ్ళీ అతుక్కోదు. యూనిట్ నడిపే మేడమ్ ఒక కోటు నా మొహం ముందు పట్టుకుని, "ఎవరి తప్పో సాయంత్రంలోపు నాకు తెలియాలి," అన్నారు.

నేను కాజాల మిషను మీద కూర్చునే మనిషిని చూపించాను. పదకొండేళ్ళుగా అదే మిషను మీద ఉంది. అందరం కాజాలక్క అంటాం. "గుర్తులున్న చోటే కుట్టానమ్మా," అంది. కాజా కోశాక గుర్తెక్కడ మిగులుతుంది? ఇంక రావద్దన్నాను. తన అన్నం డబ్బా సర్దుకుని వెళ్ళిపోయింది.

ఆమె వెళ్ళాక, మిషను పక్కన కుట్టకుండా మిగిలిపోయిన కట్ట ఒకటి విప్పాను. పది కోట్లు. పదింటి మీదా నీలం చాక్‌పీసు చుక్కలు వరసగా ఉన్నాయి, ఎడమవైపు. చుక్కలకి వాడే చిల్లుల అట్టని తిరగేసి పెట్టి ఎవరో గుర్తులు వేశారు.

గుర్తులు వేసే బల్ల దగ్గర కూర్చునేది మా ఆడబిడ్డ.

తడిగుడ్డ తెచ్చి ఆ చుక్కలన్నీ నా చేత్తో తుడిచేశాను. ఇంటికొచ్చి అదంతా రాశాను. 'ఆమె తప్పు కాదు. ఎదురు చెప్పదని ఆమెని ఎంచుకున్నాను,' అని కూడా రాశాను.

ఇప్పుడా పేజీ లేదు. తన పని తనకిమ్మని కాజాలక్క మేడమ్‌ని అడిగింది. రేపు పదింటికి మేడమ్ గదిలో విచారణ.

"చదివావా?" అన్నాను ఆడబిడ్డతో.

దువ్వెన ఆగింది. "చదివాను. శుక్రవారం. చింపలేదు."

"చదివినదానివి చింపలేదంటే నమ్మాలా? అందులో ఉన్నది నీ సంగతే."

"నా సంగతా?" నావైపు తిరిగింది. "గుర్తులు తప్పు పడ్డాయని ఉంది. ఎవరు వేశారో లేదు. అంటే, నేనే వేశాననుకున్నావన్నమాట. అందుకా వదినా, మూడు రోజుల్నించీ టీ గ్లాసు నా ముందు టక్కున పెట్టి వెళ్ళిపోతున్నావు?"

"ఆ బల్ల నీది. నువ్వు కాక ఇంకెవరు వేస్తారు?"

"గురువారం నేనా బల్ల దగ్గర లేనే లేను. ప్యాకింగ్‌లో ఇద్దరు రాలేదని పొద్దున్నే నన్ను అటు పంపావు. సాయంత్రందాకా పెట్టెలకి టేపు అంటిస్తూ కూర్చున్నాను. పంపింది నువ్వే. మర్చిపోయావా?"

మర్చిపోయాను. నిజంగానే.

"ఒక్క మాట అడిగి ఉంటే చెప్పేదాన్ని," అంది. గొంతు పెంచలేదు, అదే ఎక్కువ గుచ్చుకుంది. "కాజాలక్కని అడక్కుండా పంపేశావు. నన్ను అడక్కుండా క్షమించేశావు. నీ పుస్తకంలో దీన్ని ఏమంటారు?"

అత్తగారి మంచం కిర్రుమంది.

అప్పుడు గుర్తొచ్చింది. గురువారం పొద్దున్న ఆడబిడ్డని ప్యాకింగ్‌కి పంపుతూ, "మరి గుర్తుల పని ఎవరు చూస్తారు?" అని నేను పైకే అన్నాను. కటింగ్ బల్ల దగ్గర్నుంచి ఒక గొంతు వచ్చింది. "నేను చూసుకుంటాలే."

మా యూనిట్‌కి కటింగ్ మాస్టరు మా ఆయనే.

నెమ్మదిగా ఆయనవైపు తిరిగాను.

"టీ ఏమైనా ఉందా?" అన్నారు.

"మీరేనా?"

"ఎవరు వేస్తే ఏం? అయిపోయిందిగా."

"మీరేనా అని అడుగుతున్నాను."

"ఇటు కటింగ్, అటు గుర్తులు, మధ్యలో గుడ్డల లారీ. ఒక్కణ్ణి ఎన్ని చూస్తాను? అట్ట తిరగబడింది." గొంతు తగ్గించారు. "నువ్వు తడిగుడ్డతో తుడుస్తున్నప్పుడు స్తంభం పక్కనే ఉన్నాను. నా కోసమే తుడుస్తున్నావనుకున్నాను. పన్నెండేళ్ళ కాపురంలో నేనంటే నీకు ఇంత ఇది ఉందని అప్పుడే అనిపించింది."

ఆ మాటకి ఏడవాలో, చేతిలో పుస్తకం విసరాలో తెలియలేదు. నేను ఆడబిడ్డని కాపాడాననుకున్నాను. ఆయన తనని కాపాడాననుకున్నారు. మూడు రోజులు ఒకచోటే కూర్చుని తిన్నాం. ఒక్కరూ నోరు విప్పలేదు.

"కాజాలక్క డబ్బా సర్దుకుని వెళ్తుంటే కూడా చూశారుగా?"

"పంపింది నేనా?" అన్నారు. "సూపర్‌వైజరువి నువ్వు."

"అందుకే పేజీ చింపారు."

"చింపలేదంటున్నానా!"

"మరి గోడలు చింపాయా?"

"నేను చింపాను," అన్నారు అత్తగారు, కళ్ళు తెరవకుండానే.

ముగ్గురం అటు తిరిగాం.

"మీరా? మీకు అక్షరాలే ఆనవు కదత్తయ్యా!"

"భూతద్దం ఉంది. మీరు ముగ్గురూ పనికి పోయాక మధ్యాహ్నాలు నాకేం తోస్తుంది? నీ పుస్తకమే కాలక్షేపం. రెండేళ్ళుగా చదువుతున్నాను." కంటి కొసల్లోంచి కారిన మందు కొంగుతో ఒత్తుకున్నారు. "నా గురించి రాసినవీ చదివాను. 'అత్తగారి సణుగుడు ఓర్చుకోవడం ఇంకా నేర్చుకోవాలి' అన్నావు. ఎవరు ఎవర్ని ఓర్చుకుంటున్నారో అది తర్వాత తేల్చుకుందాం."

ఆడబిడ్డ నవ్వబోయి నోరు నొక్కుకుంది.

"పేజీ ఎక్కడుంది?"

"ఎవరిదో వాళ్ళకిచ్చాను. నిన్న కళ్ళ డాక్టరు దగ్గర్నుంచి అటే వెళ్ళాను. కాజాలక్క ఇంటికి."

ఆయన కుర్చీ వెనక్కి పడేలా లేచారు. "అమ్మా, నీకేమైనా మతి పోయిందా? రేపు అది మేడమ్ బల్లమీద పెడితే ఈ ఇంట్లో ముగ్గురి ఉద్యోగాలూ ఏమవుతాయో తెలుసా?"

"ఆవిడ ఉద్యోగం ఏమైందో తెలుసు," అన్నారు అత్తగారు.

నేను చెప్పులు వేసుకున్నాను.

"అలా వెళ్ళు. ఎలాగోలా బతిమాలి తీసుకురా," అన్నారాయన వెనకనుంచి.

బతిమాలడానికి కాదు, అందామనుకున్నాను. కానీ ఎందుకు వెళ్తున్నానో నాకే తెలియదు.

కాజాలక్క ఉండేది సైకిళ్ళు బాగుచేసే షాపు పైన ఒక గదిలో. ఇనప మెట్లు. తలుపు గొలుసుమేర తెరిచి, నా భుజం మీంచి మెట్లవైపు చూసింది.

"మీతో ఎవరొచ్చారు?"

"ఎవరూ రాలేదు."

"కింద?"

"కింద కూడా లేరక్కా."

అప్పుడు గొలుసు తీసింది. లోపల చాపమీద ఎవరివో చొక్కాలు. చేత్తో కాజాలు కుడుతోంది. నన్ను కూర్చోమనలేదు. కాసేపటికి చొక్కాలు కొంచెం పక్కకి జరిపింది. ఆ జాగాలో కూర్చున్నాను.

"పేజీ కోసమేగా?"

నేను పక్కనున్న చొక్కా మడత సరిచేశాను.

"మీ అత్తగారు ఎందుకిచ్చారా అని నిన్నట్నుంచీ ఆలోచిస్తున్నాను," అంది. "రేపు నేను దాన్ని మేడమ్ ముందు పెట్టడం, సూపర్‌వైజరు ఇంట్లోంచి ఎత్తుకొచ్చానని మీరనడం. కాజాల పని చేతకాదు, పైగా దొంగ అనిపించుకోవడం. అదేనా ఎత్తు, అనుకున్నాను."

"అంత చెడ్డవాళ్ళమా అక్కా మేము?"

సూది ఆపింది. "అది మీరే చెప్పాలి."

కింద ఎవరో టైరుకి గాలి కొడుతున్నారు. ఆ చప్పుడు ఆగాక ఆమె మళ్ళీ సూది ఎత్తింది.

"రాయడం బాగా రాశారు," అంది. "చదువుతుంటే కళ్ళు తడయ్యాయి. ఒకటే తప్పు. ఎదురు చెప్పదని నన్ను ఎంచుకున్నానన్నారు. నేను చెప్పానమ్మా."

"ఎప్పుడు?"

"మొదటి కోటు మిషను కింద పెట్టబోతూ. మీ దగ్గరికే వచ్చాను. 'ఇవి ఆడవాళ్ళ కోట్లు కదా, చుక్కలు ఎడమవైపున్నాయేంటి?' అన్నాను. మీరు ఫోనులో ఉన్నారు. 'గుర్తున్నచోట కుట్టక్కా, టైము లేదు,' అన్నారు. చెయ్యి ఇలా అన్నారు."

అని చూపించింది. ఈగని తోలినట్టు. అది అచ్చంగా నా చెయ్యే.

గుర్తు లేదనబోయాను. నోట మాట ఉండగానే గుర్తొచ్చింది. ఫోనులో నా నవ్వు, ఎదురుగా తెల్ల కోటు రెండు చేతులా పట్టుకుని నిలబడ్డ ఈ మనిషి.

"అది మీ పుస్తకంలో లేదు," అంది. "అందుకే అనుమానమొచ్చింది. ఇది మీకోసం రాసుకున్నారా, ఎవరైనా చదివితే ఎంత మంచి మనిషో అనుకోవాలని రాసుకున్నారా అని."

రెండేళ్ళ సాయంత్రాలు కళ్ళ ముందు తిరిగాయి. నాకు గుర్తున్నవాళ్ళకే న్యాయం చేశానా అని అడుక్కున్నాను. చెయ్యి ఊపి పంపించేసినవాళ్ళు గుర్తుండరు. గుర్తులేనివాళ్ళు పుస్తకంలోకి రారు. అలాంటివాళ్ళు ఎంతమందో.

"రేపు నేనే చెప్తానక్కా. నువ్వు అడిగింది, నేను వినంది, చుక్కలు తుడిచింది. అన్నీ."

"ఇక్కడ చెప్పడం తేలిక. ఇక్కడ మేడమ్ లేరు."

"పేజీ నీ దగ్గరే ఉంచు. నేను చెప్పకపోతే బయటపెట్టు."

ఆమె లేచి, బియ్యం డబ్బా కిందనుంచి మడత కాగితం తీసి నా ఒళ్ళో పెట్టింది.

"నాకొద్దు. కాగితం చూపించి తెచ్చుకున్న ఉద్యోగంలో, రోజూ మీరు నన్నెలా చూస్తారో నాకు తెలుసు. మీ నోటితో నిజం వస్తే పనికి వస్తాను. లేదంటే ఈ సూది ఉంది."

మెట్లు దిగుతూ, నన్ను నమ్మి ఇచ్చిందా, పరీక్షించడానికి ఇచ్చిందా అని ఆలోచించాను. మూడో మెట్టు మీద ఆగిపోయాను. నా చేతిలో తప్ప ఇంకెక్కడా సాక్ష్యం లేనప్పుడు కూడా నాకు ఆవిడమీదే అనుమానం.

ఇంటికి రాగానే ఆయన నా చేతివైపే చూశారు.

"ఇచ్చిందా?"

తలూపాను. ఆయన ముఖం తేటపడింది. మరీ తొందరగా తేటపడింది.

"ఇలా ఇవ్వు."

"నా దగ్గరే ఉంటుంది. రేపు నేను మేడమ్‌కి అంతా చెప్తున్నాను."

గొడవ చేస్తారనుకున్నాను. చెయ్యలేదు. కాసేపు గడ్డం గోక్కుని, "సరే, నువ్వన్నది నిజమే," అన్నారు. "గుర్తుల సంగతి మాత్రం నువ్వు ఎత్తకు. అది నేను చెప్పుకుంటాను. నువ్వు చెప్తే పెళ్ళాం మొగుణ్ణి పట్టిచ్చినట్టుంటుంది. నేనే వెళ్ళి చెప్తే మగాడిలా ఉంటుంది."

న్యాయంగానే ఉంది. మధ్యాహ్నం టీ ఆయనే పెట్టారు. నాలుగు గ్లాసుల్లో పోసి నలుగురికీ అందించారు. సాయంత్రం తన చొక్కా తనే ఇస్త్రీ చేసుకుంటూ కూనిరాగం తీశారు.

ఆడబిడ్డ టీ ముట్టలేదు. గ్లాసులో తొరక కట్టి అలాగే ఉంది. నేను వెళ్ళి పక్కన కూర్చున్నాను. "తప్పు నాదే," అన్నాను. "సరే వదినా," అంది. అంతకన్నా ఒక్క మాట ఎక్కువ అనలేదు.

వంటింట్లో అత్తగారు నా వెనకే వచ్చి నిలబడ్డారు.

"వాడు చెప్తానన్నాడని పొంగిపోతున్నావు. ఏం చెప్తాడో అడిగావా?"

"కన్నకొడుకు మీద అంత అనుమానమా అత్తయ్యా?"

"అనుమానం కాదమ్మాయ్," అన్నారు. "పరిచయం."

సోమవారం నేను లేచేసరికి ఆయన స్నానం చేసి వెళ్ళిపోయారు. ముగ్గురం కలిసి వెళ్ళడమే అలవాటు. ఆ రోజు ఆడబిడ్డా నేనూ బస్సులో పక్కపక్కన కూర్చుని, చెరొక కిటికీలోంచి చూసినట్టు చూశాం.

గేటు దగ్గర బెంచీ మీద కాజాలక్క కూర్చుని ఉంది. ఒళ్ళో అన్నం డబ్బా. పని దొరుకుతుందనే తెచ్చుకుంది. నన్ను చూసి తలూపలేదు, తల తిప్పుకోనూ లేదు.

లోపల మిషన్లు మోగుతున్నాయి. మేడమ్ గదికి అద్దం గోడ. అక్కణ్ణుంచి యూనిట్ మొత్తం కనిపిస్తుంది. ఇటు కటింగ్ బల్ల దగ్గర ఆయన, వీపు మావైపు. అటు గుర్తుల బల్ల దగ్గర ఆడబిడ్డ. అట్టని ఒకటికి రెండుసార్లు సరిచూసి చుక్కలు పెడుతోంది.

మేడమ్ కూర్చోమన్నారు. నేను నిలబడే చెప్పాను. కాజాలక్క అడిగిన మాట, ఫోను, నా చెయ్యి, ఆమెని వినకుండా పంపడం, తడిగుడ్డ. చెప్పడం మొదలుపెట్టాక మధ్యలో ఎక్కడా ఆగలేదు. అదే ఆశ్చర్యం.

మేడమ్ కలం మూత పెట్టారు. "ఇంతేనా?"

"నావరకు ఇంతే. నన్నేం చేసినా ఒప్పుకుంటాను. ఆవిడ మిషను ఆవిడకివ్వండి."

"అది ఇచ్చేస్తాను. నువ్వెందుకు తుడిచావో కూడా నాకు తెలుసు," అన్నారు. "మాస్టరు ఎనిమిదింటికే వచ్చి చెప్పాడు."

గుండె తేలికపడింది. అత్తగారికి కొడుకు తెలియలేదనుకున్నాను.

"గుర్తులు వేసింది తన చెల్లెలని చెప్పాడు. చిన్నపిల్ల, ఈసారికి వదిలెయ్యమని బతిమాలాడు. ఇంటి పిల్ల అని నువ్వు తుడిచి ఉంటావన్నాడు." కాస్త ముందుకి వంగారు. "అవునా?"

మిషన్ల చప్పుడు ఎక్కడో దూరంగా వినిపించింది.

'అవును' అనడం చాలా తేలిక. కాజాలక్కకి మిషను దొరుకుతుంది. ఆయన మాస్టరుగానే ఉంటారు. చిన్నపిల్ల కాబట్టి చీవాట్లతో సరిపోతుంది. ఇంటికెళ్ళి నెమ్మదిగా నచ్చజెప్పుకోవచ్చు. అందరికీ అంతో ఇంతో బాగానే ఉంటుంది. అద్దం అవతల వంగి చుక్కలు పెట్టుకుంటున్న ఆ ఒక్క పిల్లకి తప్ప. తనమీద ఏం పడుతోందో తెలియని పిల్లకి. మళ్ళీ ఎవరూ అడగని మనిషికి.

"మేడమ్, మా ఆడబిడ్డని పిలిపించండి," అన్నాను. "బెంచీ మీద కాజాలక్క ఉంది, ఆవిణ్ణి కూడా. వాళ్ళు లేకుండా నేను ఎవరి గురించీ ఏమీ చెప్పను. వాళ్ళ ముందే ఒకర్ని ఒక మాట అడగాలి."

"ఎవర్ని?"

"మా ఆయన్ని."

మేడమ్ నన్ను పైనుంచి కిందికి ఒకసారి చూసి, బెల్లు నొక్కారు.

కటింగ్ బల్ల దగ్గర కత్తెర ఆగింది. ఆయన వెనక్కి తిరిగి అద్దంలోంచి నన్ను చూశారు. మా గదివైపు రాలేదు. కత్తెర కింద పెట్టి, బల్లల మధ్యనుంచి తాపీగా నడుచుకుంటూ గుర్తుల బల్ల దగ్గరికి వెళ్ళారు. వంగి, చెల్లెలి చెవిలో ఏదో చెప్పారు. కొంచెంసేపే. తప్పు తనమీద వేసుకోమంటున్నారని వినకుండానే తెలిసింది.

చాక్‌పీసు పట్టుకున్న చెయ్యి ఆగిపోయింది. ఆ పిల్ల తలెత్తి నావైపు చూసింది. నన్ను చూస్తూనే, ఆయన చెప్పినదానికి సరేనన్నట్టు తలూపింది.